ఎర్ర లక్క చుక్క

మా పై వాటాలో ఉండే రోస్విటా క్రెచ్మర్ మార్చి నెలలో ఒక శనివారం ఉదయం తన వంటింటి బల్ల మీద నా కెమెరా అడుగు రేకు విప్పింది. పది నిమిషాలు హాయిగా కబుర్లు చెబుతూ పని చేసింది. తర్వాత, పట్టకారుతో ఒక ఇత్తడి బిళ్ళని తిరగేసి దీపం కింద పెట్టి, చెబుతున్న మాట మధ్యలో ఆగిపోయింది. డెబ్బై మూడేళ్ళ మనిషి ముఖంలో రంగు అలా ఒక్కసారిగా దిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. గుండెపోటు అనుకుని లేచాను.

"ఏమైందండీ? లోతర్ గారిని పిలవనా?"

"ఇది నాది" అంది.

"కెమెరా నాదేనండీ. మా స్నేహితుడి అత్తగారిదని చెప్పాను కదా..."

"కెమెరా గురించి కాదు డాక్టరు గారూ. తప్పు. ఈ తప్పు నాది."

ఆ మాటకి అర్థం తెలియాలంటే ఆమె ఎవరో తెలియాలి. మా ఊరు ఒకప్పటి తూర్పు జర్మనీలో, ఎల్బె నది ఒడ్డున, డ్రెస్డెన్‌కి రైల్లో అరగంట. ఇక్కడొక చిన్న కెమెరాల కర్మాగారం ఉండేది. తొంభై ఒకటిలో మూసేశారు. ఇప్పుడందులో పరుపులు అమ్ముతున్నారు. రోస్విటా పదిహేడో ఏట అందులో చేరింది. పదేళ్ళకి పైగా షట్టర్లు సరిచేసే బల్ల దగ్గర కూర్చుంది, ఆ తర్వాత మూసేదాకా అదే బల్లకి మేస్త్రీ. మూశాక రొట్టెల కొట్లో నిలబడి పెన్షను దాకా లాక్కొచ్చింది. కెమెరాలు మాత్రం వదల్లేదు. ఊళ్ళో ఎవరి అటక మీద పాత కెమెరా దొరికినా అది చివరికి ఆమె వంటింటికే చేరుతుంది. డబ్బు తీసుకోదు. కాఫీ పొట్లం తెస్తే వద్దనదు.

ఈ పాత కెమెరాల చుట్టూ ఈమధ్య చాలా భక్తి పెరిగింది. ఒకసారి ఒక గడ్డపు యువకుడు ఆమె ముందు కూర్చుని, ఫిల్ములో ఆత్మ ఉంటుందని చాలాసేపు చెప్పాడు. ఆమె కటకాన్ని కిటికీ వైపు ఎత్తి పట్టుకుని అంతా విని, "ఆత్మ సంగతి నాకు తెలీదు నాయనా, బూజు మాత్రం ఉంది" అంది. చేతిపనివాళ్ళు తమ పనిని ప్రేమిస్తారని రాసేవాళ్ళనీ నేను నమ్మను. రోస్విటా నోట ప్రేమ అన్న మాట నేను వినలేదు. పని తప్పుగా ఉంటే మాత్రం ఆమెకి ఒళ్ళు మండుతుంది. అది వేరే జబ్బు.

ఆమె పద్ధతి చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. బల్ల మీద తెల్లటి పాత దుప్పటి ముక్క పరుస్తుంది, కింద పడ్డ మర కనిపించాలని. పక్కన కోడిగుడ్ల అట్ట. విప్పిన మరలు విప్పిన వరసలోనే ఒక్కో గుంటలో పడాలి. ముందు రబ్బరు బుంగతో గాలి కొట్టాలి, తర్వాతే కుంచె. లోపలి అద్దాన్ని ముట్టుకోకూడదు, దాని మీద ఊపిరి కూడా వదలకూడదు. వెనక తలుపు అంచుల్లో వెలుతురు చొరబడకుండా పెట్టిన నురుగు పట్టీ ముప్పై ఏళ్ళకి తారులా కారిపోతుంది. మందుల షాపులో గాయాలు తుడవడానికి అమ్మే పెట్రోలులో అగ్గిపుల్ల ముంచి ఆ తారంతా గీకేసి, ఆ గాడిలో నల్ల ఉన్నిదారం పరిస్తే ఇంకో ముప్పై ఏళ్ళు బెంగ ఉండదు. ఇక నూనె. "ఇళ్ళల్లో కెమెరాలు దుమ్ముతో చావవండీ, కుట్టుమిషను నూనెతో చస్తాయి" అంటుంది. బిగుసుకుపోయిందని ఎవరో మంచిమనసుతో రెండు చుక్కలు వేస్తారు, అది పాకి షట్టరు తెరలకి అంటుకుంటుంది, అంతే.

వంటింటి మూలన ఒక లావుపాటి డబ్బా టీవీ ఉంటుంది. అందులో ఏ కార్యక్రమమూ రాదు, గీతలూ చుక్కలూ తప్ప. ఆమె భర్త లోతర్‌కి అది కంటగింపు. అతను ముప్పై ఏళ్ళు డ్రెస్డెన్‌లో ట్రామ్ నడిపిన మనిషి, ఏ వస్తువైనా కదలాలి లేదా పోవాలి అంటాడు.

"జనం గోడకి అతికించే టీవీలు కొనుక్కుంటున్నారు. మా ఆవిడ మాత్రం వెనకవైపు నుంచి టీవీ చూస్తుంది" అని నాతో చాడీ చెప్పాడు ఆ ఉదయం కూడా.

"లోతర్, నీ కాఫీ తీసుకుని అవతలికి పో."

"పోతున్నా. డాక్టరు గారికి మర్యాద చెయ్యి. ఆయన పుస్తకాల డాక్టరు. నీకు జ్వరమొస్తే తాత్పర్యం చెప్తాడు."

ఆ టీవీ ఆమెకి కొలబద్ద. కెమెరా వెనక తలుపు తీసి, కటకం పీకేసి, కెమెరాని టీవీ తెర ముందు పట్టుకుని మీట నొక్కితే, ఒక్క క్షణం ఏటవాలుగా ఒక వెలుగు పట్టీ కనిపిస్తుంది. లోపల రెండు నల్లగుడ్డ తెరలుంటాయి. ఒకటి ముందు పరుగెత్తుతుంది, రెండోది దాన్ని తరుముతుంది, రెంటి మధ్య సందులోంచే వెలుతురు ఫిల్ము మీద పడుతుంది. అన్నిటికన్నా వేగంగా పెట్టినప్పుడు ఆ సందు గోరంత. రెండో తెర తొందరపడి మొదటిదాన్ని అందుకుందా, ఫోటోలో ఒక పక్క చీకటి.

నా ఫిర్యాదు అదే. ఎండలో తీసిన ఫోటోలన్నిట్లోనూ ఎడమవైపు మూడోవంతు నలుపు. ఆమె రెండుసార్లు మీట నొక్కి చూసింది. వెలుగు పట్టీ కుడివైపు నుంచి సన్నబడుతూ వచ్చి ఎడమ అంచుకి ముందే మాయమైంది.

"అందుకుంటోంది" అంటూ కెమెరా తిరగేసింది. అడుగు రేకు ఊడదీసింది. తెరల స్ప్రింగుని బిగించే చిన్న మర తల మీద ఎర్రటి లక్క చుక్క, ఎండిపోయి, కానీ ఎక్కడా పగలకుండా. ఆమె నవ్వింది. మంచి నవ్వేం కాదు.

"హన్నెలోరె! ఇన్నేళ్ళకి మళ్ళీ కనిపించావా? డాక్టరు గారూ, ఈ కెమెరా ఎక్కడి నుంచి వచ్చిందన్నారు? హాలండా? అయితే ఇది ఆ సరుకులోదే. పారిపోయిన పిల్ల."

పత్తి చుట్టిన పుల్లని పెట్రోలులో ముంచి ఆ చుక్కని మెత్తబరుస్తూ కథ మొదలుపెట్టింది. వాళ్ళ బల్ల దగ్గర పన్నెండుమంది ఆడవాళ్ళు. సరిచేసిన మర మీద ఎవరి రంగు లక్క చుక్క వాళ్ళు పెట్టాలి. ఆ తర్వాత ఎవరైనా మరని కదిపితే చుక్క పగులుతుంది. ఎవరి పని చెడ్డా రంగు చెప్పేస్తుంది. రోస్విటాది నీలం. పక్క కుర్చీ హన్నెలోరె మ్యూకెది ఎరుపు. ఇద్దరూ ఒకే ఏడు చేరారు, ఒకే ట్రామ్‌లో వచ్చేవారు, మధ్యాహ్నం ఒకే డబ్బాలోంచి తినేవారు.

పనిలో ఒక నియమం ఉండేది, యాభై. కొత్త స్ప్రింగు బిగించాక మీటని యాభైసార్లు నొక్కాలి. స్ప్రింగు ఆ యాభైలో కాస్త సడలి తన చోట కూర్చుంటుంది. అప్పుడు మళ్ళీ సరిచూసి, బిగించి, చుక్క పెట్టాలి. తొందరపడి పదికే చుక్క పెడితే, ఆ రోజు బాగానే ఉంటుంది. కొన్నవాడి చేతిలో నలభై నొక్కులయ్యాక తెరలు ఒకదాన్నొకటి అందుకుంటాయి.

డెబ్బై ఎనిమిది వేసవిలో హాలండ్ నుంచి నలభై మూడు కెమెరాలు తిరిగొచ్చాయి. అన్నీ లైప్జిగ్‌లో జరిగే అంతర్జాతీయ వాణిజ్య సంతకని ఫిబ్రవరిలో హడావిడిగా చేసినవి. అన్నిట్లోనూ ఒకే జబ్బు, అన్నిటి మీదా ఎర్ర చుక్క. మొత్తం విభాగాన్ని, ముప్పై మందిని, భోజనాల గదిలో కూర్చోబెట్టారు. బల్ల మొత్తంలో చెయ్యి తిరిగింది రోస్విటా అని ఆమెనే లేపి అడిగారు, ఇదేం తప్పు అని.

"నేనేం చెప్పాలి? ఉన్నది చెప్పాను. యాభై నొక్కలేదు అన్నాను. హన్నెలోరె లేచి, నేను నొక్కాను, ప్రతిదానికీ నొక్కాను, పైకే లెక్కపెడతాను, పక్కనున్న రోసీనే అడగండి అంది."

"మీరేమన్నారు?"

"కెమెరాలు నొక్కలేదంటున్నాయి అన్నాను."

హన్నెలోరెని బల్ల దగ్గర నుంచి తీసేసి, ఇనప ముక్కలు కడిగే గదికి పంపారు. చేతులకి రబ్బరు తొడుగులు, ముక్కుకి మందు వాసన, పదమూడేళ్ళు. మేస్త్రీ చదువుకి ఆమె పేరు రాసి ఉండేది. అది కొట్టేసి రోస్విటా పేరు రాశారు. ఆ రోజు నుంచి హన్నెలోరె ఆమెతో మాట్లాడలేదు.

"నేను పాపమనుకున్నాను కానీ, పని పనే కదండీ. యాభై అంటే యాభై. నా చేతిలోంచి తప్పు కెమెరా ఒక్కటి..."

ఇక్కడే ఆమె ఆగిపోయింది. మర ఊడొచ్చింది, దాని కింద ఇత్తడి బిళ్ళని శుభ్రం చేద్దామని తిరగేసింది. దాని అడుగున, సూదితో గీసిన చిన్న సున్నా, మధ్యలో చుక్క. చీమ తలంత.

"ఇది నాది."

అలా గుర్తు పెట్టడం కర్మాగారంలో నిషేధం. ఆమె మాత్రం చేరిన మొదటి ఏడాది నుంచి తను ముట్టిన ప్రతి కెమెరాలోనూ ఆ బిళ్ళ అడుగున ఆ సున్నా గీసింది. ఎవరికీ చెప్పలేదు, లోతర్‌కి కూడా. వాళ్ళకి రంగు చాలు, నాకు నాదని తెలియాలి అనుకునేదట. వయసులో ఉన్న పిల్ల గర్వం. ఇప్పుడు హన్నెలోరె ఎర్ర చుక్క కింద రోస్విటా సున్నా ఉంది.

నేను మూర్ఖంగా ఓదార్చబోయాను. "నలభై ఆరేళ్ళ స్ప్రింగు కదండీ. ఎవరు చేసినా ఈపాటికి సడలిపోతుంది."

"ఆ నలభై మూడూ కొత్తగానే తిరిగొచ్చాయి. ఇదీ అప్పుడే చెడింది. మీ హాలండ్ ముసలావిడ మబ్బులో ఫోటోలు తీసుకుంది కాబట్టి తెలియలేదు. మబ్బులో అంత వేగం ఎవడికి కావాలి?"

"మరి ఎరుపు ఎలా వచ్చింది?"

ఆమె బిళ్ళని దుప్పటి ముక్క మీద పెట్టింది. టీవీ గీతలు గీస్తూనే ఉంది. లోతర్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, చేతిలో ఖాళీ కప్పుతో.

"ఆ ఫిబ్రవరిలో నీలం లక్క రాలేదు" అంది మెల్లగా. "స్టోరులో లేదన్నారు. రోజుకి ఇరవై చెయ్యాలి, చుక్క లేకుండా సరుకు కదలదు. హన్నెలోరె కూతురికి తట్టు పోసి నాలుగు రోజులు ఇంట్లో ఉండిపోయింది. ఎర్ర సీసా ఆమె సొరుగులో ఉంది. తీశాను. రెండు రోజులు. యాభై నొక్కే వ్యవధి కూడా లేదు. పది నొక్కాను. పదికే పెట్టాను."

"మర్చిపోయారా?" అన్నాను. ఆమెకి ఒక దారి చూపిద్దామనే అడిగాను.

"మర్చిపోలేదు. ఆలోచించలేదు." తల అడ్డంగా ఊపింది. "భోజనాల గదిలో నిలబడ్డప్పుడు కూడా ఆలోచించలేదు. ఎర్ర చుక్క అన్నారు, హన్నెలోరె అనుకున్నాను. నా చేతి మీద నాకు అంత నమ్మకం. తప్పు అన్నది నా వైపు నుంచి రాగలదన్న ఊహే రాలేదు. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది డాక్టరు గారూ. అబద్ధం చెప్పినట్టు నాకైనా తెలిసేది."

లోతర్ కప్పు గట్టు మీద పెట్టాడు. ఎప్పుడూ మాట తడుముకోని మనిషి, "రోసీ, నువ్వు యాభై నొక్కలేదా?" అన్నాడు, భార్య ఎవరినో చంపానని చెప్పినట్టు.

"లేదు."

"నా రేజరు తుడిస్తే కూడా యాభై లెక్కపెట్టేదానివి కదే!"

"అప్పటి నుంచే" అంది.

*

వారం తిరక్కముందే ఆమె నా తలుపు తట్టింది. కోటు వేసుకుని, కెమెరా గుడ్డలో చుట్టి. కళ్ళు మసకలని లోతర్ కారు నడపడం మానేశాడు. నన్ను నది అవతలికి తీసుకెళ్ళమంది. హన్నెలోరె అక్కడ అద్దె తోటల వరసలో, తన చిన్న తోటలో, పొద్దస్తమానం ఉంటుందని ఊళ్ళో అందరికీ తెలుసు.

"వద్దే" అన్నాడు లోతర్ మెట్ల మీద నుంచి. "ఆవిడకి డెబ్బై ఐదు. ఇప్పుడు చెప్పి ఏం ఇస్తావు? నీ బరువు దించుకోవడానికి ఆవిడ నెత్తిన పెడతావా?"

నేను కూడా లోలోపల అదే అనుకున్నానని ఒప్పుకోవాలి. చదువుకున్నవాళ్ళకి అది చాలా సున్నితమైన ఆలోచనగా కనిపిస్తుంది. నిజానికి అది సోమరితనం.

హన్నెలోరె మ్యూకె ద్రాక్షలాంటి ఎర్ర పళ్ళు కాసే పొదలకి కొమ్మలు కత్తిరిస్తోంది. పొట్టి మనిషి, మగవాళ్ళ టోపీ. మమ్మల్ని చూసి కత్తెర ఆపలేదు.

"ఎవరు పోయారు?" అంది.

"ఎవరూ పోలేదు."

"బల్ల వాళ్ళు నా దగ్గరికొస్తే ఎవరో పోయారనే. లోతరా?"

"లోతర్ బాగానే ఉన్నాడు. హన్నెలోరె, నేనొకటి చెప్పాలి."

నిలబడే చెప్పింది. ఏడవలేదు, వెనకాముందూ చేర్చలేదు. లక్క రాకపోవడం, సొరుగు, రెండు రోజులు, పది నొక్కులు, ఇత్తడి బిళ్ళ. గుడ్డ విప్పి కెమెరా చాచింది. హన్నెలోరె దాని వైపు చూడలేదు.

"నా సొరుగు తెరిచావు" అంది.

"తెరిచాను."

"నేను పిల్లని ఒళ్ళో పెట్టుకుని తడిగుడ్డ వేస్తున్నప్పుడు."

"అవును."

కత్తెర చేతిలోంచి జారి మట్టిలో పడింది. తీయలేదు. "అంటే నేను యాభై లెక్కపెట్టాను" అంది. రోస్విటాతో కాదు, పొదతో అన్నట్టు.

"పెట్టావు."

"ప్రతిదానికీ."

"ప్రతిదానికీ. పక్కన కూర్చుని విన్నాను."

హన్నెలోరె తోటలోని బెంచీ మీద కూలబడింది. నేను నీళ్ళు తేబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"మొదట రెండేళ్ళు నిన్ను తిట్టుకున్నాను. తర్వాత అనుమానం వచ్చింది. నలభై మూడు కెమెరాలు అబద్ధం చెప్తాయా? నేనే లెక్క తప్పి ఉంటాను, పిల్ల జ్వరంలో ఉంటే మనసెక్కడో ఉండి ఉంటుంది అనుకున్నాను. అప్పటి నుంచి నా చేతుల్ని నేను నమ్మలేదు. పొయ్యి కట్టేశానా అని చుట్టాలు నవ్వేదాకా మళ్ళీ మళ్ళీ చూసుకుంటాను. మనవరాలు పుడితే ఏడాది దాకా ఎత్తుకోలేదు, జారవిడుస్తానని. నా కూతురు నాకు ప్రేమ లేదనుకుంది." ఊపిరి తీసుకుంది. "నా చేతులు బాగానే ఉన్నాయా రోసీ?"

"బాగానే ఉన్నాయి."

"క్షమించమని మాత్రం అడక్కు."

"అడగడానికి రాలేదు."

"మరి దేనికొచ్చావు? నాకొక్కదానికి, ఈ పొదల మధ్య చెవిలో ఊది పోవడానికా? ఆ రోజు నా చెవిలో చెప్పావా? ముప్పై మంది ముందు లేచి నిలబడి చెప్పావు." లేచింది. రోస్విటా కన్నా తల తక్కువ ఎత్తు, కానీ ఆ క్షణంలో అలా అనిపించలేదు. "ఏటా మేలో కాఫీకి చేరతారు కదా మీరంతా. ఈసారి నేనూ వస్తాను. నా ముందు, వాళ్ళ ముందు, లేచి నిలబడి చెప్పు."

తిరుగు దారిలో, వంతెన మీద, రోస్విటా ఒక్క మాటే అంది. "వాళ్ళు నన్నింకా మేస్త్రీ అనే పిలుస్తారు." కెమెరాని ఒళ్ళో రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఈ ఊళ్ళో ఆమెకి మిగిలిన ఆస్తి ఆ పిలుపే. దాన్ని తీసుకెళ్ళి బల్ల మీద పెట్టేయాలి.

*

మే మొదటి బుధవారం, మధ్యాహ్నం మూడింటికి, నది ఒడ్డు కాఫీ దుకాణంలో పొడుగు బల్ల. పన్నెండు మందిలో ఎనిమిది మంది బతికున్నారు, హన్నెలోరె తప్ప అందరూ అప్పటికే వచ్చారు. కెమెరా మీది కదా, అందరికీ చూపించాలి అని నన్నూ తీసుకెళ్ళింది. బల్ల చివర కూర్చున్నాను. ప్లేట్లలో పెరుగు మీగడలా పైన పచ్చసొన పొర ఉన్న కేకు ముక్కలు, మోకాళ్ళ నొప్పుల కబుర్లు.

హన్నెలోరె తలుపు తోసుకుని రాగానే కబుర్లు తెగిపోయాయి. మార్లీస్ అనే ఆవిడ, బల్లలో అందరికన్నా పెద్దది, ముందు తేరుకుంది.

"ఓసి నా తల్లీ, హన్నెలోరే! ఎన్నాళ్ళకే! రా, ఇటు కూర్చో. మేస్త్రీ, చూశావా ఎవరొచ్చారో?"

"నేనే రమ్మన్నాను" అని రోస్విటా లేచింది. కుర్చీ వీపు పట్టుకుంది. తోటలో చెప్పినట్టే చెప్పింది, అంతకన్నా క్లుప్తంగా. చివర, "ఆ నలభై మూడు హన్నెలోరెవి కావు. నావి. ఆ రోజు భోజనాల గదిలో నేను చెప్పింది తప్పు. మీ అందరి ముందూ వెనక్కి తీసుకుంటున్నాను" అంది. నేను కెమెరా ముందుకి జరిపాను. ఎవరూ ముట్టుకోలేదు.

నేను చూస్తున్నది ముఖాల వంక. విస్తుపోతారనుకున్నాను. కొందరు అసహ్యించుకుంటారు, ఎవరో ఒకరు ఏడుస్తారు అనుకున్నాను. అదేమీ జరగలేదు. వాళ్ళు ప్లేట్లలోకి చూస్తున్నారు. ఒకావిడ చంచాతో కాఫీ కలుపుతోంది. అందులో చక్కెర వేసుకోలేదు.

"కూర్చో మేస్త్రీ" అంది మార్లీస్. "నలభై ఆరేళ్ళ కిందటి మాట. ఆ కర్మాగారమే లేదు, ఆ దేశమే లేదు. కేకు ఎండిపోతుంది, తిను."

"నలభై మూడూ నీవని ఎలా చెప్తావు?" అంది ఇంకొకావిడ, చిన్న గొంతుతో. సీగ్రున్ ఆమె పేరు, కిటికీ పక్కన కూర్చుంది. "నువ్వు రెండు రోజులే కదా వాడింది. రెండు రోజుల్లో నలభై చేస్తాం. అన్నీ చెడ్డవి కావు కదా."

"మరి మిగతావి?" అంది రోస్విటా.

"సీగ్రున్, నోర్ముయ్" అంది మార్లీస్.

సీగ్రున్ నోరు మూసుకోలేదు. బహుశా ఆమె కూడా చాలా ఏళ్ళుగా మోస్తోంది. లేకపోతే వయసు పైబడి జాగ్రత్త జారిపోయింది. ఏదో నాకు తెలియదు.

"నీలం ఒక్కటే కాదు కదే రాలేదు. పచ్చ లేదు, తెలుపు గడ్డకట్టింది, నా ఊదారంగు అడుగంటింది. ఆ నాలుగు రోజులూ హన్నెలోరె సొరుగే కదా అందరికీ దిక్కు. సీసా ఒకళ్ళ నుంచి ఒకళ్ళకి తిరగలేదూ? సంత సరుకని యాభై మాత్రం ఎవరు నొక్కారు?"

రోస్విటా కుర్చీ వీపు వదిలి సీగ్రున్ వైపు తిరిగింది. వంటింట్లో ఆ బిళ్ళ చూసినప్పుడు కూడా ఆమె ముఖం అలా లేదు. ఆ రోజు తన తప్పు ఒక్కటే కనిపించింది, దాన్ని తనొక్కతే మోసుకుంటూ ఇక్కడి దాకా తెచ్చింది. ఆ భోజనాల గదిలో తను లేచి నిలబడి హన్నెలోరె మీద తీర్పు చెప్తున్నప్పుడు, వెనక కూర్చున్న వాళ్ళందరికీ ఎర్ర చుక్కకి అర్థం లేదని తెలుసు. తెలిసీ తల దించుకుని విన్నారు. ఆమె తప్పు చెప్తుంటే, ప్రతి మనిషీ అది తన మీదికి రాకూడదని లోలోపల దండం పెట్టుకుంది. ఆమె ఆలోచించలేదు. వాళ్ళు ఆలోచించారు.

"అందరూనా?" అంది రోస్విటా చివరికి.

"మనం మంచివాళ్ళమే" అంది మార్లీస్, దేనికో జవాబు చెబుతున్నట్టు. "పిల్లలున్నారు అందరికీ. హన్నెలోరెకి మాత్రం ఏం తక్కువైంది, పని పోలేదు కదా, గది మారింది అంతే..."

ఆ మాట పూర్తవలేదు. హన్నెలోరె ఫోర్కు ప్లేటు పక్కన పెట్టింది, చాలా సరిగ్గా, అంచుకి సమానంగా. ఆమె చేతులు వణకడం లేదు. తన ఎడమ పక్క కూర్చున్న ఆవిడ వైపు, కుర్చీతో సహా తిరిగింది.

"నువ్వు?"

"ఏంటి నేను?"

"ఎన్ని రోజులు తీశావు నా సీసా?"

ఆవిడ చేతిరుమాలు మడిచింది, విప్పింది. "మూడనుకుంటా. మూడు రోజులు."

"ఎన్ని నొక్కేదానివి?"

"హన్నెలోరె, నాకు గుండె బాగాలేదు..."

"నీ గుండె గురించి అడగలేదు. ఎన్ని?"

"పదిహేను. కొన్నిటికి ఇరవై."

హన్నెలోరె తలూపింది. కుర్చీని ఆ పక్కావిడ వైపు జరిపింది. "నువ్వు?"

"నేను తీయలేదు. ఒట్టు. నా పసుపు నా దగ్గరే ఉంది."

"వీళ్ళు తీయడం చూశావా?"

ఆవిడ కిటికీలోంచి నది వైపు చూసింది. అక్కడ పడవ కూడా లేదు.

"చూశావా?"

"చూశాను."

"భోజనాల గదిలో ఎన్నో వరసలో కూర్చున్నావు?"

"...నీ వెనక వరసలో."

సీగ్రున్ ఏడుస్తోంది, చప్పుడు లేకుండా. మార్లీస్ సంచీ దగ్గరికి లాక్కుంది, లేవబోయింది. రోస్విటా వెళ్ళి ఆమె కుర్చీ వెనక నిలబడింది. మార్లీస్ మళ్ళీ కూర్చుంది.

ఈ ఊళ్ళో పంతొమ్మిదేళ్ళు కాపురం ఉండి నేను అందరూ మంచివాళ్ళే అనుకున్నాను. ఇప్పుడూ అలాగే అనుకుంటున్నాను. నాకు భయం వేసింది అందుకే.

కాఫీ అమ్మే అమ్మాయి బిల్లు కావాలా అన్నట్టు బల్ల దగ్గరికి వచ్చింది. ఎనిమిది మంది ముసలమ్మలు ఎవరూ ముట్టని కేకుల ముందు కూర్చోవడం చూసి సందేహంగా ఆగింది. హన్నెలోరె తల తిప్పి, ఎంతో మర్యాదగా, కొత్త గొంతుతో చెప్పింది.

"అందరికీ ఇంకో కాఫీ తీసుకురామ్మా. మాకింకా చాలాసేపు పడుతుంది."